పరాయి కట్టెలు కొట్టిన చేతికి కూలి ఎంత?



అనిత్యం, అనాత్మ లాంటి పెద్ద విషయాలు కాసేపు పక్కన పెట్టి ఈసారి కట్టెల గురించి మాట్లాడుకుందాం. మీ పెరట్లో వేపచెట్టు గాలివానకు పడిపోయింది అనుకోండి. రంపం మిషను అతను వచ్చి అడ్డంగా మొద్దులు కోసి వెళ్లాడు. వాటిని పొయ్యిలో పట్టేట్టు నిలువునా చీల్చడానికి మాత్రం గొడ్డలే కావాలి. గొడ్డలి భుజాన వేసుకుని ఒక మనిషి వచ్చి మీ గేటు ముందు నిలబడ్డాడు. ఎంత తీసుకుంటావని అడిగారు మీరు. "మీ ఇష్టమండీ, మీకు తెలియందేముంది, చూసి ఇవ్వండి" అన్నాడాయన.

ఇప్పుడు చెప్పండి, ఎంత ఇస్తే న్యాయం?

గ్యాస్ బండలు వచ్చాక ఇంకా కట్టెల గొడవేంటి అనకండి. నరసరావుపేటలో పెళ్లి వంట దేని మీద అవుతోంది? గురజాల, మాచర్ల పల్లెల్లో దినం భోజనాలకు డేగిసాలు దేని మీద ఎక్కుతున్నాయి? సాగర్ కుడి కాలవ గట్ల మీద సర్కారు తుమ్మ ఉన్నన్నాళ్లూ, బండ రేటు పెరిగినప్పుడల్లా పొయ్యి రాజేసే ఇళ్లు ఉన్నన్నాళ్లూ ఈ పని ఉంటుంది. అయినా మనం అడిగేది కట్టెల గురించి మాత్రమే కాదని మీకూ తెలుసు.

ఒకప్పుడు ఈ ప్రశ్న మనకు ఎదురయ్యేది కాదు. ఎందుకంటే మన తాతలు గేటుకు ఇవతల, గొడ్డలితో నిలబడ్డవాళ్లు. అసలు వాళ్లకు రేటు అనే మాటే లేదు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు పొలంపని అంతా అయ్యాక, పొద్దు వాలే వేళ ఆసామి దొడ్లో కట్టెలు కొట్టేవాడు. అది జీతం లెక్కలోకి రాదు, "ఆ చేత్తోనే" చేసే పని. ఆ తర్వాత ముంతెడు మజ్జిగ, ఉంటే రాత్రి మిగిలిన కూడు. గ్రామాధికార్లు వస్తే వెట్టివాడు పరుగెత్తాలి. మహారాష్ట్రలో మహర్లకు వతన్ అని ఒక చెక్క భూమి ఇచ్చి, దానికి బదులుగా రాత్రీ పగలూ లెక్కలేని చాకిరీ చేయించుకున్నారు. బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ బిల్లు పెట్టింది అందుకే. ఆయన అభ్యంతరం కూలి తక్కువని మాత్రమే కాదు. ఇంత పనికి ఇంత అని ఎక్కడా చెప్పకపోవడమే అసలు దోపిడీ అని ఆయన పట్టుకున్నారు. పనికి కొలత లేకపోతే ఆ పనికి అంతూ ఉండదు.

ఇప్పుడు మనలో కొందరం గేటుకు అవతల ఉన్నాం. టీచరు ఉద్యోగం, బ్యాంకు ఉద్యోగం, బస్ డిపోలో ఉద్యోగం, పేటలో రెండు గదుల ఇల్లు. మంచిదే, దాని కోసమే బాబాసాహెబ్ చదవమన్నారు. కానీ గొడ్డలితో వచ్చిన మనిషి ఎవరు? పాత పల్లెలో మనకు బాబాయి వరసయ్యేవాడు కావచ్చు. యానాది కావచ్చు, సుగాలీ కావచ్చు. ఆయన నోట "మీ ఇష్టమండీ" అనే మాట వినిపించినప్పుడు మనకు వినయంలా అనిపిస్తుంది, కొంచెం హాయిగా కూడా ఉంటుంది. ఆ హాయి దగ్గరే ఆగి ఆలోచించమంటున్నాను. అది మన తాతలు ఆసామి ముందు అన్న మాటే. అడిగితే పని పోతుందేమో, రేపు పిలవరేమో అనే భయం ఆ మాట లోపల ఉంది.

పంచశీలలో రెండోది అదిన్నాదానం నుంచి దూరంగా ఉంటానని తీసుకునే శీలం. దొంగతనం చేయను అని మనం తెలుగులో తేలిగ్గా చెప్పేసుకుంటాం. పాళీ మాటకు ఉన్న అర్థం ఇంకా వెడల్పు: ఇవ్వనిదాన్ని తీసుకోవడం. దొంగ గోడ దూకి వస్తాడు, అది అందరికీ కనపడుతుంది. మరి మనిషి ఇష్టంగా ఇవ్వని చెమటను తీసుకుంటే? వంద రూపాయల పని చేయించుకుని అరవై చేతిలో పెడితే ఆ నలభై ఎవరి దగ్గర నుంచి వచ్చింది? ఆయన దానం చేయలేదు కదా. నా లెక్కలో ఇది రెండో శీలం తప్పడమే. కూలి బేరం శీలం కిందికి రాదు, వ్యాపారం వేరు ధమ్మం వేరు అనేవాళ్లున్నారు. అలా అయితే అష్టాంగ మార్గంలో సమ్మా ఆజీవాన్ని బుద్ధుడు ఎందుకు పెట్టినట్టు?

దీనికి వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. "ఆయన ఒప్పుకున్నాడు కదా! నేనేం బలవంతం చేశానా?" చాలా మంచి మనుషులు కూడా ఇదే అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఇద్దరు మనుషులు ఒక రేటుకు ఒప్పుకున్నాక మూడోవాడు వచ్చి అది తప్పు అని ఎలా అంటాడు?

1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో బాబాసాహెబ్ దీని మీదే నిలదీశారు. పని లేనివాడి ముందు ఉద్యోగం ఒకవైపు, తన హక్కులు ఒకవైపు పెట్టి ఏది కావాలో తీసుకోమంటే వాడు దేన్ని తీసుకుంటాడు అని అడిగారు. ఆకలి వాడి చేత సంతకం పెట్టిస్తుంది. ఆ సంతకాన్ని చూపించి స్వేచ్ఛ అంటాం మనం. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించారు. 1982లో ఏషియాడ్ నిర్మాణాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణానికి చెప్పిన అర్థం మన ప్రశ్నకు సూటిగా తగులుతుంది. కర్రతో, చట్టంతో చేసే బలవంతమే బలవంతం కాదు, పేదరికం చేసేదీ బలవంతమే. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడానికి మనిషి ఒప్పుకున్నాడంటే ఏదో ఒక బలవంతం కిందనే ఒప్పుకుని ఉంటాడు, కాబట్టి అది వెట్టే అన్నారు జస్టిస్ భగవతి. మరుసటి ఏడాది, 1983లో, రాజస్థాన్ కరువు పనుల కేసు వచ్చింది. అక్కడ రోడ్డు పనిని ఇరవైమంది జట్టుగా కొలిచారు. కొలతకు పని తగ్గిందని ఒక్కొక్కరికీ కనీస కూలి కంటే తక్కువ ఇచ్చారు. కరువు సాయమే కదా అన్న ప్రభుత్వ వాదనను కోర్టు ఒప్పుకోలేదు.

ఆ రెండో కేసు చూశారా, అది గుత్త పని. కట్టెలు కొట్టడమూ మన దగ్గర ఎక్కువగా గుత్తే. ట్రాక్టరు లోడుకు ఇంత, క్వింటాకు ఇంత, లేదంటే "ఈ కుప్ప మొత్తానికి ఇంత". గుత్తలో తప్పేమీ లేదు. రోజుకూలి అయితే పక్కన నిలబడి ఎవరో ఒకరు "కానీ, కానీ" అంటూ ఉండాలి. గుత్తలో మనిషి తన ఇష్టప్రకారం కొట్టుకుంటాడు, ఎండెక్కితే ఆగుతాడు, చల్లబడ్డాక మళ్లీ మొదలెడతాడు. స్వేచ్ఛ ఉంది. అయితే ఆ రేటు ఎవరి చేయి చూసి కట్టారు అన్నదే ప్రశ్న.

సిగాలోవాద సుత్తంలో యజమాని పనివాళ్లకు చేయాల్సినవి ఐదు చెప్పారు బుద్ధుడు. బలాన్ని బట్టి పని ఇవ్వడం, తిండీ కూలీ ఇవ్వడం, జబ్బు చేస్తే చూడడం, మంచి వంటకం ఉంటే పంచడం, తగిన సమయంలో సెలవు ఇవ్వడం. 'బుద్ధుడు–ఆయన ధమ్మం' ఐదో భాగంలో గృహస్థుల వినయం చెప్పేచోట యజమాని-పనివాడు విషయాన్ని బాబాసాహెబ్ కూడా తీసుకున్నారు. గమనించండి, మొదటిది కూలి కాదు, "బలాన్ని బట్టి". పాళీలో యథాబలం. కూలి రెండోది. బలాన్ని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన కూలి సరైన కూలి కాలేదు కాబట్టే ఆ వరస అని నేను అనుకుంటాను.

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, మీ ఊరివి మీరు వేసుకోండి. మీ ఊళ్లో మగమనిషి గట్టి పనికి రోజుకు 800 అనుకుందాం. నలభై ఐదేళ్ల మామూలు మనిషి, నడుం విరగ్గొట్టుకోకుండా, మధ్యలో గొడ్డలి నూరుకుంటూ రోజుకు ఐదు క్వింటాళ్లు కొట్టాడనుకుందాం. క్వింటాకు 160 పడింది. అదే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఎనిమిది క్వింటాళ్లు కొట్టగలడు. వాణ్ణి చూసి మీరు క్వింటాకు 100 అని రేటు కడితే వాడికి 800 వస్తుంది, మామూలు మనిషికి 500. మీరు ఇద్దరికీ ఒకటే రేటు ఇచ్చారు, కాగితం మీద సమానత్వం ఉంది. కానీ 300 రూపాయలు పెద్దాయన వయసు మీద మీరు వేసిన జరిమానా. అదే 160 అని కడితే కుర్రాడికి 1280 వస్తుంది. వస్తే రానివ్వండి! ఎక్కువ కొట్టాడు, ఎక్కువ తీసుకుంటాడు. ఎక్కువ పోతుందని బాధపడే వాళ్లు, తక్కువ ఇచ్చిన రోజున అంత బాధపడి ఉంటే సగం గొడవ తీరేది.

మొద్దు మొద్దుకూ తేడా ఉంటుంది, అది ఇంకో సంగతి. తిన్నగా పెరిగిన కొమ్మ రెండు దెబ్బలకే విచ్చుకుంటుంది. ముడి ఉన్నదైతే గొడ్డలి ఇరుక్కుని మొద్దుతో సహా పైకి లేస్తుంది. చింత మొదలు అయితే ఇనుప మేకు దిగ్గొట్టి సమ్మెటతో బాదాలి. సర్కారు తుమ్మకు ముల్లు. ఇదంతా మనకు కొత్త కాదు. పత్తి తీతకు వెళ్లినవాళ్లను అడగండి. మొదటి తీతలో చేను తెల్లగా విరగపూసి ఉంటుంది, కిలో రేటు తక్కువైనా సాయంత్రానికి గిడుతుంది. చివరి తీతకు కాయ వెతుక్కోవాలి, అందుకే కిలోకు రేటు పెంచాల్సిందే. పెంచకపోతే ఆడవాళ్లు రారు. ఉపాధి హామీ పనిలో కూడా మెత్తనేలకు, గట్టినేలకు కొలతలు వేరు. పత్తికీ మట్టికీ ఉన్న న్యాయం కట్టెల దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోతుంది? "కుప్ప మొత్తానికి" అని మాట్లాడుకుని ముడులన్నీ అడుగున పెట్టే పెద్దమనుషులు ఉన్నారు. దాన్ని ముసావాదం, అంటే అబద్ధం, ఖాతాలో కూడా రాసుకోవచ్చు.

కాబట్టి మొద్దులు చూపించకుండా రేటు మాట్లాడొద్దు. ఇద్దరూ కుప్ప చుట్టూ తిరిగి చూడండి. ముడులవి పక్కకు తీసి వాటికి వేరే చెప్పుకోండి. తేలకపోతే ఒక గంట కొట్టనిచ్చి తూకం వేయండి. అన్నిటికంటే ముందు, రేటు ఆయన్ను చెప్పనివ్వండి. "మీ ఇష్టం" అంటే ఊరుకోవద్దు. "లేదు బాబాయ్, నా ఇష్టం కాదు. బయట ఎంత నడుస్తోందో నువ్వు చెప్పు, నచ్చకపోతే వేరేచోటికి వెళ్లు, రేపు పని ఉంటే మళ్లీ నిన్నే పిలుస్తా" అని అనండి. కాదనగలిగిన మనిషి అవుననడంలోనే ఒప్పందం ఉంది. ఆ కాదనే శక్తి ఆయనకు లేకపోతే, తెచ్చి ఇవ్వాల్సిన బాధ్యత కట్టెలున్నవాడిది.

అడుగున ఒక గీత కూడా ఉండాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలుగా ఉండేది. అది పార పట్టే పనికి, ఆడా మగా అందరికీ చెప్పిన అడుగు. సొంత గొడ్డలి తెచ్చుకుని, పేడు ఎగిరి కంట్లో పడే ప్రమాదం మోసే మనిషి లెక్క అక్కడ మొదలవుతుంది, అక్కడ ఆగదు. 1948లో కేంద్రం వేసిన న్యాయవేతనాల కమిటీ కనీస వేతనం, న్యాయవేతనం, జీవనవేతనం అని మూడు మెట్లు చెప్పింది. న్యాయవేతనం మధ్యలోది. దాని పై అంచు ఇచ్చేవాడి తాహతును బట్టి. కింది మెట్టుకు మాత్రం తాహతు సాకు లేదు. ఇది నాకు సబబుగా తోస్తుంది. ఒంటరి ముసలామె నాలుగు మొద్దులు కొట్టించుకోవడానికి, రోజుకు రెండొందల ప్లేట్లు అమ్మే హోటలు కొట్టించుకోవడానికి ఒకటే రేటు ఉండాలని నేను అనను. ముసలామె కింది మెట్టు తప్పకూడదు, హోటలు కింది మెట్టు మీదే నిలబడకూడదు.

తిండి విషయం. అన్నం పెట్టి కూలి తగ్గించడం మన దగ్గర పాత అలవాటు. పాత చొక్కా, పండగ మిగులు పచ్చడి కూడా అందులోకే వస్తాయి. పెట్టండి, పంచండి, సుత్తంలో అదీ ఉంది. కానీ అందులో తిండి కూలితో పాటు ఉంది, కూలికి బదులుగా లేదు. కట్టెలు కొట్టాక రాలే బెరడు, సన్న పేళ్లు చాలాచోట్ల కొట్టినాయన భార్య గోనెసంచిలో ఎత్తుకెళ్తుంది. అది కూలిలో భాగమైతే ముందే చెప్పండి. కాకపోతే తర్వాత లెక్కలో తీసేయకండి. అన్నట్టు ఆమె గురించి ఎవరూ మాట్లాడరు. ఆయన కొడుతుంటే మొద్దు దొర్లించి పెట్టేది ఆమె, పేళ్లు ఏరి గోడవార పేర్చేది ఆమె. సాయంత్రం డబ్బులు ఆయన చేతిలో, ఒక మనిషి కూలే. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. మన పెరట్లోకి ఇంకా రాలేదు. ఇద్దరు పనిచేస్తే రెండు కూళ్లు, ఎవరిది వాళ్ల చేతికి.

కొట్టే మనిషి వైపు కూడా ధర్మం ఉంది. అదే సుత్తంలో పనివాడు ఇచ్చింది మాత్రమే తీసుకోవాలని, పని చక్కగా చేయాలని ఉంది. ముడులు కుప్ప వెనక్కి నెట్టేసి అయిపోయింది అనడం కూడా అదిన్నాదానమే. దీని మీద ఎక్కువ చెప్పను. ఆ వైపు శీలం గురించి ఊళ్లో అందరూ చెప్తూనే ఉంటారు.

ఇప్పుడు మన ఇంటి గుట్టు ఒకటి. ఏప్రిల్ 14 జయంతి, వైశాఖ పౌర్ణమి. రెండూ నడి ఎండల్లోనే వస్తాయి, రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో రాష్ట్రమంతా తెలుసు. విహారం దగ్గర అన్నాలు వండాలి. ఉద్యోగస్తులు చందా రాస్తారు, రసీదు తీసుకుంటారు, ఫ్లెక్సీ మీద పేరు వస్తుంది. కట్టెలు కొట్టడానికి ఎవర్ని పిలుస్తాం? కూలికి వెళ్లే కుర్రాళ్లను, "మన విహారమే కదరా, శ్రమదానం" అని. ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు వాళ్లు. నెల జీతంలోంచి వెయ్యి ఇచ్చినాయన కంటే, రోజు కూలి మొత్తం ఇచ్చినవాడి దానం పెద్దది. అది దానమే అయితే చందాల పుస్తకంలో వాడి పేరు పక్కన ఆ మొత్తం రాయాలి. రాయడానికి మనసొప్పకపోతే కూలి ఇవ్వాలి. ఈ రెండూ చేయకుండా తీసుకుంటే దానికి శ్రమదానం అనే పేరు చాలదు.

నాగార్జునకొండ మన పల్నాడుదే. ఇక్ష్వాకుల కాలం నాటి శాసనాల్లో చాంతిసిరి పేరుంది, ఉపాసిక బోధిసిరి పేరుంది. స్తంభం ఎవరిచ్చారో, చైత్యం ఎవరు కట్టించారో చదువుకోవచ్చు. ఆడవాళ్ల పేర్లు అన్ని ఉండటం గర్వించాల్సిన విషయమే. అక్కడి విహారాల పక్కన భోజనశాలలూ తవ్వకాల్లో బయటపడ్డాయి. భోజనశాల ఉందంటే పొయ్యి ఉంది, పొయ్యి ఉందంటే కట్టెలున్నాయి. వినయం ప్రకారం భిక్షువు పచ్చని చెట్టు నరకకూడదు. అంటే గొడ్డలి ఎత్తింది ఇంకెవరో. వాళ్ల పేరు ఏ రాతి మీదా లేదు. కారంపూడిలో ఏటా తలుచుకునే బ్రహ్మనాయుడి చాపకూడు కథలోనూ అంతే. అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టాడని గొప్పగా చెప్పుకుంటాం, కన్నమదాసు పేరు మర్చిపోం. ఆ కూడు వండిన పొయ్యిలో కట్టెలు కొట్టినవాడికి ఏమిచ్చారో నేను విన్న కథలో రాలేదు.

మన విహారం చందాల పుస్తకంలో ఆ వరస ఖాళీగా ఉండక్కర్లేదు. వచ్చే వైశాఖ పౌర్ణమికి కమిటీ కూర్చున్నప్పుడు బియ్యం, నూనె, షామియానా రాసుకుంటారు కదా, వాటి కింద "కట్టెలు కొట్టిన కూలి" అని ఒక గీత గీసి, పేరూ మొత్తమూ రాయండి. రేటు ముందు రోజు పొద్దున్నే, మొద్దులు చూశాక మాట్లాడండి. పదకొండింటికల్లా పని ఆపించి నీడన మంచినీళ్ల కుండ పెట్టండి. మిగిలింది సాయంత్రం కొట్టుకోవచ్చు, పౌర్ణమి రాత్రి వెలుతురుకు కరువుండదు.